ఏడు కుల్చాలు, ఏడు సంతకాలు

హైదరాబాదు ముస్లిం ఇళ్లలో పుట్టి పెరిగిన పెద్దవాళ్లను ఎవరినడిగినా ఈ కథ చెబుతారు. ఢిల్లీ దర్బారు రాజకీయాలతో విసిగి దక్కను దారి పట్టిన మీర్ ఖమ్రుద్దీన్ ఖాన్ ఒక బుజుర్గు దర్శనానికి వెళ్లాడు. ఆ బుజుర్గు ఔరంగాబాదులో ఖాన్‌ఖా నడిపిన చిష్తీ సూఫీ హజ్రత్ నిజాముద్దీన్. వచ్చినవాడు ఆకలితో ఉన్నాడు. బుజుర్గు పసుపుపచ్చ గుడ్డలో కట్టిన కుల్చాలు ముందు పెట్టి తినమన్నాడు. అతను ఏడు తిన్నాడు. ఇంకా తినమంటే కడుపు నిండిందన్నాడు. "నీ ఇంట ఏడు తరాలు రాజ్యం చేస్తాయి" అని దీవించి పంపాడు బుజుర్గు. ఆ ఖమ్రుద్దీన్ ఖానే తర్వాత నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా అయ్యాడు. ఆ గుడ్డ రంగే ఆసఫ్‌జాహీ జెండా రంగు అయిందని, జెండా నడుమ ఉన్న గుండ్రని గుర్తు ఆ కుల్చాయేనని చెప్పుకుంటారు. కాదు, ఖమర్ అంటే చంద్రుడు కాబట్టి అది మూలపురుషుడి పేరులోని చంద్రుడు అనేవాళ్లూ ఉన్నారు. చంద్రుడి మాట పుస్తకాల్లో ఉండిపోయింది. కుల్చా మాట జనం నోట బతికింది.

లెక్క చూద్దాం. 1724 నుంచి 1948 దాకా 224 ఏళ్లలో ఆ గద్దె మీద కూర్చున్నవాళ్లు పదిమంది. మొదటి ఆసఫ్ జా 1748లో పోయాక నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ వరసగా వచ్చారు. 1762లో నిజాం అలీ ఖాన్ వచ్చేవరకు ఆ ఇంట్లో నెత్తురు ఆరలేదు. ఆ ముగ్గురినీ నిజాముల వరసలో లెక్కపెట్టరు. అందుకే ఉస్మాన్ అలీ ఖాన్ ఏడో నిజాం అయ్యాడు. మనుషుల్ని కాకుండా తరాలను లెక్కిస్తే మాత్రం ఏడే వస్తాయి. తండ్రి, కొడుకు, మనవడు అని వేళ్లు మడుస్తూ పోతే ఏడో వేలు దగ్గర 1948 సెప్టెంబరు 17 ఎదురవుతుంది. బుజుర్గు మాట పొల్లుపోలేదని మనవాళ్లు ఈ లెక్క చూపించే అంటారు.

ఈ కథను గద్దె ఎక్కుతున్నవాడు వింటే ఒక రకం, గద్దె కూలినవాళ్లు వింటే ఒక రకం. మొదట్లో ఉన్నవాడికి ఏడు తరాలంటే అంతులేని బరకత్. చివర్లో ఉన్నవాళ్లకు ఏడు అంటే గోడ. మా తరం పిల్లలుగా ఉన్నప్పుడు పోలీస్ యాక్షన్‌లో ఏం జరిగిందని అడిగితే ఇళ్లలో వచ్చిన జవాబు ఒకటే. "సాత్ కుల్చే ఖాయే, సాత్ పుష్త్ రాజ్ కరే. బస్." ఆ 'బస్' అన్న మాట దగ్గర సంభాషణ ఆగిపోయేది. చార్మినార్ దగ్గర ఇంట్లోనూ అంతే, బీదరు నుంచి కట్టుబట్టలతో వచ్చి పడ్డవాళ్ల ఇంట్లోనూ అంతే. రాజ్యం పోయిందంటే సరే, ఏడు తరాలైంది కాబట్టి పోయింది. మరి మా తాత తమ్ముడు ఎందుకు పోయాడు? అతనికి రాజ్యం ఎక్కడుంది? కుల్చాల కథ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. ప్రశ్న పుట్టకుండా చూస్తుంది.

నేను రాయదలచుకున్నది దీని గురించే. జరగబోయేది ముందే తెలియడం, మనసుకు తట్టడం, కలలో కనపడడం మన చరిత్రలో ఏ పని చేశాయి? ఎవరిని ఓదార్చాయి? ఎవరి నోరు మూశాయి?

రెండు వైపులా తిట్లు

ఈ నమ్మకాల దగ్గరికి వచ్చేసరికి సామాన్య ముస్లిం రెండు వైపుల నుంచీ తిట్లు తింటాడు. హేతువాది వచ్చి ఇది మూఢనమ్మకం అంటాడు. సంస్కరణవాది మౌల్వీ సాబ్ వచ్చి ఇది షిర్క్, అల్లాకు సాటి కల్పించడం అంటాడు. దర్గా దగ్గర దారం కట్టిన తల్లి ఇద్దరికీ నేరస్తురాలే. ఇద్దరూ ఆమెకు తెలియదని చెప్పేవాళ్లే గాని, ఆమెకు ఏమి తెలుసో అడిగేవాళ్లు కారు. ఇంకో తేడా కూడా ఉంది. పంచాంగ శ్రవణం దూరదర్శన్‌లో వస్తే అది సంస్కృతి. మంత్రిగారు ముహూర్తం చూసుకొని ప్రమాణం చేస్తే అది ఆచారం. తావీజు కట్టుకున్న ఆటోడ్రైవరు మాత్రం వెనుకబాటుతనానికి బొమ్మ. సెక్యులర్ మిత్రులు ఈ కొలబద్దల తేడాను ఒకసారి చూసుకోవాలి.

ఇస్లాం ఈ విషయంలో చెప్పింది అస్పష్టంగా ఏమీ లేదు. గైబ్, అంటే కంటికి కనపడనిది, రాబోయేది, అల్లాకే తెలుసు. సూరా లుఖ్మాన్ చివరి ఆయత్‌లో ఆ లెక్క ఉంది. ప్రళయం ఎప్పుడు, వాన ఎప్పుడు, గర్భంలో ఏముంది, రేపు ఏం సంపాదిస్తావు, ఏ నేల మీద పోతావు. ఈ అయిదూ ఆయనకే ఎరుక. ప్రవక్త సైతం తనకు గైబ్ తెలియదని చెప్పాల్సి వచ్చిందని ఖురాన్ అంటుంది. కాహిన్‌ల, అంటే సోదె చెప్పేవాళ్ల దగ్గరికి పోవద్దని హదీసులు ఉన్నాయి. అదే సమయంలో మంచి కలను ప్రవక్తృత్వంలో నలభై ఆరో వంతుగా చెప్పిన హదీసూ ఉంది. యూసుఫ్ కథ అంతా కలల మీదే నడిచింది. ఏడు బలిసిన ఆవులు, ఏడు బక్కచిక్కిన ఆవుల కల విని యూసుఫ్ ఊరికే భవిష్యత్తు చెప్పి ఊరుకోలేదు. ధాన్యం దాచమన్నాడు. ఆ తేడా గుర్తు పెట్టుకోవాలి.

మన ఇళ్లలో చేసే ఇస్తిఖారా కూడా ఇలాంటిదే. పెళ్లి సంబంధమో, ఊరు మారడమో తేలనప్పుడు రెండు రకాతుల నమాజు చదివి దువా చేస్తారు. మేలైనదాని వైపు మనసు తిప్పమని కోరడమే ఆ దువా. రేపు ఏం జరుగుతుందో చెప్పమని అడగడం అందులో లేదు. జనం దాన్ని కల కోసం ఎదురుచూడడంగా మార్చుకున్నారు, అది వేరే సంగతి. మనసులో వచ్చే వెలుగును సూఫీలు కష్ఫ్ అన్నారు, ఇల్హామ్ అన్నారు. తర్కం చివరంటా చదువుకున్న గజాలీ వంటివాడు కూడా పదకొండో శతాబ్దం చివర బాగ్దాదులో పెద్ద కొలువు వదిలి ఆ వెలుగు వెతుక్కుంటూ పోయాడు. అది అబద్ధమని నేననను. కొలిచే పనిముట్టు లేనంత మాత్రాన లోపలి అనుభవం లేకుండా పోదు. కాని గజాలీ ఆ వెలుగుతో తన నఫ్స్‌ను చూసుకున్నాడు. ఎవరి రాజ్యం ఎన్నాళ్లో చూడలేదు.

రాజ్యాల ఆయుష్షు లెక్కగట్టిన మనిషి

రాజ్యం ఎన్ని తరాలు ఉంటుందో లెక్కగట్టిన ముస్లిం పండితుడు ఒకడున్నాడు. ట్యూనిస్‌లో 1332లో పుట్టి కైరోలో 1406లో పోయిన ఇబ్న్ ఖల్దూన్. 1377లో అతను పూర్తి చేసిన 'ముఖద్దిమా'లో కలల గురించి, జోస్యాల గురించి చాలా ఉంది. ఇసుకలో గీతలు గీసేవాళ్లు, గింజలు లెక్కపెట్టేవాళ్లు, అద్దంలో నీళ్లలో చూసి చెప్పేవాళ్లు పట్టణాల్లో దీని మీదే బతుకుతున్నారని రాశాడు. రాజులకు తమ వంశం ఎన్నాళ్లుంటుందో తెలుసుకోవాలనే ఆరాటం ఎక్కువని, అందుకే అలాంటి జోస్యాల పుస్తకాలు పుడతాయని ఒక అధ్యాయమే రాశాడు. కొట్టిపారేసినవాడూ కాదు. నిద్రకు ముందు కొన్ని మాటలు పలికితే కలలో విషయాలు తెలుస్తాయని విని, తానే చేసి చూశానని కూడా చెప్పుకున్నాడు.

అదే మనిషి రాజ్యాల ఆయుష్షుకు తన లెక్క చెప్పాడు. సాధారణంగా మూడు తరాలు, తరానికి నలభై ఏళ్ల చొప్పున నూటఇరవై ఏళ్లు. మొదటి తరానికి ఎడారి బతుకు, కష్టం, ఒకరి కోసం ఒకరు నిలబడే అసబియ్య ఉంటాయి. రెండో తరం సుఖం మరుగుతుంది. మూడో తరం కష్టం సంగతే మరిచిపోతుంది, తనను కాపాడడానికి కిరాయి సైన్యం పెట్టుకుంటుంది. ఆ తర్వాత కూలడమే. ఇదీ జోస్యమే. కాని ఇందులో కారణం ఉంది. కారణం ఉన్నచోట ప్రశ్న వేయొచ్చు, ఎదురు వాదించొచ్చు, కుదరకపోతే లెక్క తప్పని చెప్పొచ్చు.

ఈ లెక్కతో ఆసఫ్‌జాహీ చరిత్ర చూస్తే ఏడు కుల్చాల అవసరం పడదు. రెండో తరంలోనే, 1798లో, నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అప్పటి నుంచి గద్దెను నిలబెట్టింది ఇంగ్లీషువాడి తుపాకి. రెండేళ్లకే, 1800లో, ఆ సైన్యం ఖర్చు కింద కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు కంపెనీకి ధారపోశాడు. తెలుగువాళ్లు వాటినే దత్తమండలాలన్నారు. పరాయి ఊతకర్ర మీద నిలబడ్డ ఇల్లు, కర్ర తీసేసిన రోజు ఏమవుతుంది? 1947 ఆగస్టు 15న ఆ కర్ర తీసేశారు. పదమూడు నెలలు గడిచాయి. అంతే.

దిండు పక్కన కలల పుస్తకం

దత్తమండలాల్లో ఎక్కువ భాగం నిజాంకు వచ్చింది మైసూరు యుద్ధాల పంపకాల్లోనే. ఆ నేల ఏలిన టిప్పు సుల్తాన్ కూడా కలలు నమ్మినవాడు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయాక అతని పడకగదిలో కాగితాలు వెతుకుతుంటే కర్నల్ కిర్క్‌పాట్రిక్‌కు ఒక చిన్న పుస్తకం దొరికింది. టిప్పు స్వహస్తంతో పారసీలో రాసుకున్న కలల చిట్టా. అందులో 37 కలలు ఉన్నాయి. ఆ పుస్తకం ఉందని టిప్పు మున్షీ హబీబుల్లాకు తెలుసు గాని, సుల్తాన్ దాన్ని ఎవరి కంటా పడనిచ్చేవాడు కాదు. ఇప్పుడది లండన్‌లో ఉంది.

ఒక కలలో మూడు వెండి పళ్లేలలో జానెడేసి పొడవున్న తాజా ఖర్జూరాలు వచ్చాయి. ముగ్గురు శత్రువుల రాజ్యాలు తన చేతికి వస్తాయని టిప్పు అర్థం చెప్పుకున్నాడు. అప్పుడు అతని మీద కలిసి నిలబడినవాళ్లు ఇంగ్లీషువాళ్లు, మరాఠాలు, హైదరాబాదు నిజాం. ఇంకో కలలో మగవేషంలో ఉన్న ఆడమనిషి కనిపించింది. మరాఠాలు మగవేషం వేసుకున్నా యుద్ధంలో నిలబడలేరని దానికి అర్థం రాసుకున్నాడు. ఆ పుస్తకం చదివితే భవిష్యత్తు కనపడదు. ఒక మనిషి నిద్రలో కూడా ఎవరి గురించి ఆలోచిస్తున్నాడో, ఏది కోరుకుంటున్నాడో, దేనికి భయపడుతున్నాడో కనపడుతుంది. ఖర్జూరాలు మూడు పళ్లేలలో వచ్చాయి గాని రాజ్యాలు రాలేదు. చివరి రోజున బ్రాహ్మణ జ్యోతిష్కులు దినం మంచిది కాదంటే వాళ్లు చెప్పిన శాంతి దానాలన్నీ చేసి మరీ కోట గోడ మీదికి వెళ్లాడు టిప్పు. ఇవాళ అతన్ని హిందూ ద్వేషి అనేవాళ్లు, మతవీరుడు అనేవాళ్లు ఇద్దరూ ఈ దృశ్యం దాటేస్తారు. ఆఖరి పొద్దున అతను తన కలల పుస్తకాన్ని, పురోహితుడి మాటను రెంటినీ పట్టుకొని ఉన్నాడు. ఆ రెండూ ఆపలేనిదాన్ని అతను కత్తితో ఎదుర్కొన్నాడు. అందుకే మనకు గుర్తున్నాడు.

సిద్ధయ్య అడిగిన ప్రశ్నలు

రాబోయేది చెప్పే సంప్రదాయం ముస్లింలదీ కాదు, హిందువులదీ కాదు. ఈ నేలది. తెలుగువాళ్లలో కాలజ్ఞానం వినని వాళ్లుండరు. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం చెప్పాడంటారు. ఆయన శిష్యుల్లో అందరికీ గుర్తుండేవాడు సిద్ధయ్య, ముడుమాల దూదేకుల పిల్లవాడు. మా వాణ్ణి మతం మార్చారని తండ్రి నవాబుకు ఫిర్యాదు చేశాడని, నవాబు పరీక్షకు పెట్టాడని కథ. సాయిబు ఇంటి పిల్లవాడు విశ్వబ్రాహ్మణ గురువు దగ్గర కూర్చొని ప్రశ్నలు అడుగుతుంటే గురువు జవాబు చెబుతూ పోయాడు. దూదేకులవాళ్లను అటు పూర్తి ముస్లింలుగా, ఇటు పూర్తి తెలుగువాళ్లుగా ఒప్పుకోని పెద్దలు రెండు వైపులా ఉన్నారు. తెలుగు నేల మీద భవిష్యత్తు గురించిన పెద్ద పుస్తకం మాత్రం ఆ ఇంటి కుర్రవాడి చెవిన పడ్డాకే మన దాకా వచ్చిందని జనం నమ్ముతారు.

ఆ కాలజ్ఞానాన్ని మనం చదివే తీరు కుల్చాల లెక్కలాంటిదే. ఒక స్త్రీ పదహారేళ్లు ఏలుతుందని ఉందని, అది ఇందిరాగాంధీయేనని అందరూ అన్నారు. 1966 నుంచి 1977, మళ్లీ 1980 నుంచి 1984, కలిపితే దాదాపు పదహారే. ఆమె పోయాక ఆ లెక్క ఇంకా బాగా కుదిరింది. 2020లో కరోనా వచ్చినప్పుడు అదీ ముందే చెప్పారంటూ ఫోన్లలో ఒక పద్యం తిరిగింది. జరిగినదాని కొలతకు పాత మాటను కుట్టుకోవడం మనందరి అలవాటు. అన్నం తింటున్నప్పుడు పొలమారితే ఎవరో తలుచుకున్నారంటాం. పొలమారని రోజు తలుచుకున్నవాళ్ల లెక్క ఎవరూ రాయరు.

తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ చూడండి. పీరు ఎత్తుకునేవాడు చాలా చోట్ల గొల్ల, కురుమ, మాల, మాదిగ. నిప్పుల గుండం చుట్టూ అలాయి ఆడేది ఊరంతా. పీరు లేచినప్పుడు ఎత్తుకున్నవాడికి పూనకం వస్తుంది. వానలు పడతాయా, పంట ఎట్లుంటది, ఊరికి ఏం అరిష్టం ఉంది అని అడుగుతారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర రెండు మతాలవాళ్లు వేలల్లో చేరేది అందుకే. ఇది తప్పని మౌల్వీ సాబ్ చెప్పవచ్చు. ఆయన ధర్మం ఆయనది. నేను చూసేది వేరే. అక్కడ పీరు నోట వచ్చే మాట ఊరి భయం. కరువు వస్తే ఊరంతటికీ వస్తుందని, సాయిబుకు వేరే కరువు రెడ్డికి వేరే కరువు ఉండదని ఆ గుండం దగ్గర అందరికీ తెలుసు. భయాన్ని కలిసి పంచుకున్నవాళ్లు దాన్ని ఒకరి మీద ఒకరు విసురుకోరు. ఆ గుండాలు ఆరిపోయిన ఊళ్లలో ఏమవుతోందో విలేకరిగా నేను చూశాను.

మూసీ వరద కథ కూడా చెప్పుకోవాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి దాదాపు పదిహేను వేల మందిని మింగింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జ్యోతిష్కుల సలహా మీద నదికి చీరె, పసుపు కుంకుమలు సమర్పించి హారతి ఇచ్చాడని, అప్పుడు వరద తగ్గిందని చెప్పుకుంటారు. పాము కరిచినవాడు 'మహబూబ్ పాషా దుహాయీ' అంటే విషం దిగుతుందని నమ్మిన జనం ఇది నమ్మడంలో ఆశ్చర్యం లేదు. అయితే కథ అక్కడ ఆగలేదు. మరుసటి ఏడే విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరద ఎందుకు వచ్చింది, ఎన్ని చెరువులు తెగాయి, నీళ్లు ఎక్కడ ఆపాలి అని ఆయన లెక్కలు వేశాడు. ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. హారతి ఇచ్చిన నగరమే కారణమూ వెతికింది. ఒకటి మనసు ఓదార్చుకోవడానికి, ఒకటి రేపటి పిల్లల కోసం. 1908కి మనం కారణం వెతికాం. 1948కి ఎందుకు వెతకలేదు?

ముందే చూసినవాళ్లు

1948లో రాబోయేదాన్ని ముందే చూసినవాళ్లు మనలో లేకపోలేదు. ఆ ఏడు ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. వాళ్లలో బాఖర్ అలీ మీర్జా ఉన్నాడు, తహసీల్దారు ఉద్యోగం వదులుకున్న ఫరీద్ మీర్జా ఉన్నాడు. రజాకార్లను రద్దు చేయాలని, భారత్‌లో చేరిపోవడమే మంచిదని వాళ్లు నిజాంకు చెప్పారు. వాళ్లెవరూ మజ్జూబులు కారు. వాళ్లకు కల రాలేదు. నూటికి ఎనభై మందికి పైగా హిందువులున్న రాజ్యంలో ఖాసిం రజ్వీ మనుషులు ఊళ్లు తగలబెడుతుంటే, నాలుగు వైపులా భారత సైన్యం ఉంటే, రేపు దెబ్బ ఎవరి మీద పడుతుందో వాళ్లు లెక్క చూసుకున్నారు. భైరాన్‌పల్లి వంటి ఊళ్లలో పారిన నెత్తురు గద్దె దాకా రాదని, ఊరిలో ఉన్న పేద సాయిబు గుమ్మం దాకా వస్తుందని వాళ్లకు అర్థమైంది.

'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా అదే రాశాడు. ఇమ్రోజ్ అంటే ఈ రోజు. ఇంకా ముప్పై నిండని ఆ కుర్రవాడు ఈ రోజును చూసి రేపటిని చెప్పాడు. 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడలో ఇంటికి వెళుతుండగా అతన్ని కాల్చారు, రాసే చేతిని నరికారు. తెల్లవారకముందే పోయాడు. మరో మూడు వారాలకు, సెప్టెంబరు 13న, సైన్యం వచ్చింది. మన ఇళ్లలో కుల్చాల కథ తెలిసిన పిల్లల్లో షోయబుల్లా పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? ఏడు కుల్చాలు నోటికి వచ్చు, ఏడు సంతకాలు ఎవరికీ రావు.

ఆ తర్వాత జరిగింది రాయడం కష్టం. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ల బృందం 1948 చివర జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చింది. తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చచ్చిపోయారని అందులో ఉంది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయి. పొరుగు ముస్లింలను ఇళ్లలో దాచిన హిందువుల సంగతీ అందులో ఉంది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. పరిశోధకుల ద్వారా ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చి, 2013లో గాని ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనం చదువుకునే వీలు కలగలేదు. అరవై అయిదేళ్లు. ప్రభుత్వం కాగితం దాచింది. మనం కుల్చాల కథతో నోరు కట్టుకున్నాం. దాచినవాళ్లకు మన మౌనం ఎంత సాయం చేసిందో చూడండి.

జిల్లాలు తిరిగేటప్పుడు నేను ఆ రోజుల సంగతి అడిగేవాణ్ణి. పెద్దలు ముందు శకునాలే చెప్పేవాళ్లు. కుక్కలు ఏడ్చాయి, పీరు ఒరిగింది, దీపం దానంతటదే ఆరింది. ఒక ముసలామె తన తల్లికి రెండు రోజుల ముందే కల వచ్చిందని, పిల్లలను తీసుకొని పుట్టింటికి వెళ్లిపోయిందని, అందుకే తామంతా బతికామని చెప్పింది. కలలో ఏం కనపడిందమ్మా అని మళ్లీ మళ్లీ అడిగాను. చాలాసేపు ఊరుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "కల కాదు బేటా. పాలు పోసే గొల్ల ఆమె తెల్లారకముందు వచ్చింది. 'బీబమ్మా, పిల్లలను తీసుకొని ఇయ్యాలనే పో' అని చెప్పి పోయింది. ఆమె పేరు బయటికొస్తే ఊళ్లో ఆమెను బతకనివ్వరని అమ్మ కల అని చెప్పింది. మేమూ అదే చెప్పుకుంటూ వచ్చినం."

ఆ మాట విన్నాక ముందుచూపు కథలను నేను ఇంకోలా వింటున్నాను. మనకు గైబ్ నుంచి వచ్చిందని చెప్పుకునే ఎన్ని హెచ్చరికల వెనుక ఒక పొరుగింటి మనిషి ఉన్నాడు? ఎన్ని కలలు నిజానికి పేరు చెప్పలేని ఒక మేలు? హేతువాది ఆ కథను మూఢత్వమని కొట్టిపారేస్తే ఆ గొల్ల ఆమె కూడా పోతుంది. మౌల్వీ సాబ్ షిర్క్ అని కొట్టిపారేసినా ఆమె పోతుంది. భక్తితో అది కలే అని నమ్మి ఊరుకుంటే మరీ ఘోరంగా పోతుంది. ఓపికగా కూర్చొని 'కలలో ఏం కనపడింది' అని అడిగితేనే ఆమె మనకు దక్కుతుంది.

అందరి కలలకూ ఇలాంటి సంజాయిషీ ఉంటుందని చెప్పను. దూరదేశంలో కొడుక్కి ఏదో అయిందని తల్లి గుండె ఝల్లుమనడం, అదే రోజు దుబాయి నుంచి ఫోను రావడం మన గల్ఫ్ ఇళ్లలో వినని సంగతి కాదు. సైన్సు దాన్ని యాదృచ్ఛికం అంటే ఆ తల్లికి అది చాలదు. చాలాలని నేను కూడా అనను. ఒక మనిషి గుండెకు, దాని రబ్బుకు మధ్య ఉన్నది వాళ్లిద్దరిదీ. దాని తలుపు తట్టే హక్కు పత్రికలవాడికి లేదు. కాని ఒక సముదాయం చావుల లెక్క ఆ తలుపు వెనకాల పెట్టడానికి వీల్లేదు. నలభై వేల మంది ఎందుకు పోయారన్న ప్రశ్నకు జవాబు రొట్టెలలో వెతకకూడదు. రజాకార్లను ఎవరు పెంచారు, గద్దె ఎందుకు వినలేదు, సైన్యం వచ్చాక ఊళ్లను ఎవరు వదిలేశారు, కాగితం ఎవరు దాచారు. ఇవన్నీ మనుషులు చేసిన పనులు. మనుషులే జవాబు చెప్పాలి.

ఇవాళ సెప్టెంబరు 17 వచ్చిందంటే ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు సమైక్యత అంటారు. జెండాలు ఎగురుతాయి, ఉపన్యాసాలు జరుగుతాయి. ఆ రోజు మన పిల్లవాడు స్కూలు నుంచి వచ్చి, మనం రజాకార్లమా అబ్బా అని అడుగుతాడు. వాడికి ఏడు కుల్చాల కథ చెప్పవచ్చు. అది మన కథ, అందమైన కథ, ఓడిపోయినవాళ్లు గుండె కట్టుకోవడానికి అల్లుకున్న కథ. కాని అక్కడ 'బస్' అనకూడదు. ఆ తర్వాత ఏడుగురి సంతకాల కథ చెప్పాలి, చెయ్యి నరికినా రాసిన మాట చెరగని షోయబుల్లా కథ చెప్పాలి, తెల్లవారకముందు వచ్చి తలుపు తట్టిన పాలమనిషి కథ చెప్పాలి. రేపు ఏం రాబోతోందో తెలుసుకోవడానికి వాడికి ఏ ఫాల్‌నామా అక్కర్లేదు. ఈ రోజును కళ్లు తెరిచి చూడడం, చూసింది చెప్పడం, చెప్పినవాడి పక్కన నిలబడడం నేర్పితే చాలు. యూసుఫ్ కల విని చేసింది అదే. ధాన్యం దాచమన్నాడు.